ఫైల్లో లేని మూడు వాక్యాలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్లందరూ ముందు ఈ మాటే చెప్తారని తెలుసు. నా సంగతి కొంచెం వేరు. నా పని ప్రోగ్రాములు రాయడం. ప్రోగ్రాము తప్పు చేసిందంటే ఆ తప్పు ఏదో ఒక వరుసలో ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. పద్నాలుగేళ్ల నుంచి అలాగే దొరుకుతూ వచ్చాయి. ఒక్కటి మాత్రం దొరకలేదు.

మాది ప్రొద్దుటూరు. ఇంట్లోంచే పని చేస్తాను. జమ్మలమడుగులో చదువుకునేటప్పుడు మాకు తెలుగు చెప్పిన మస్తాన్ సార్ రిటైరయ్యాక ఒక పని పెట్టుకున్నారు. పెన్నా మీద కట్టిన జలాశయంలో మునిగిపోబోతున్న ఒక ఊరికి వారానికి రెండుసార్లు పోయి, అక్కడి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది ఫోనులో రికార్డు చేసుకునేవారు. ఇంటికొచ్చి దాన్ని మాట పొల్లుపోకుండా టైపు చేసేవారు. మనిషికొక ఫైలు. ఎవరి పొలం ఎక్కడుండేది, ఏ వాగులో, ఏ వంకలో నీళ్లు ముందొచ్చేవి, ఎవరి పెళ్లి ఎట్లా జరిగింది, అన్నీ. ఊరు ఖాళీ అయ్యేసరికి నూట ఎనభై మూడు ఫైళ్లు అయ్యాయి.

ఆ తర్వాత సార్ నాకు ఫోను చేశారు. "అమ్మా, ఆ ఊరోళ్లు ఇప్పుడు తలా ఒక పక్క ఉండారు. ఎవురన్నా వచ్చి మా నాయన ఏం చెప్పినాడు సార్ అంటే, నేను ఇన్ని ఫైళ్లలో యాడని వెతకల్ల? ఏదన్నా చేసి పెట్టు" అన్నారు.

నేను చేస్తానన్నాను. చేస్తూ ఉండగానే ఆయనకు జబ్బు చేసింది. ప్రొద్దుటూరులో ఆస్పత్రిలో ఉన్నప్పుడు రెండుసార్లు పోయి చూశాను. రెండోసారి ఆయన నన్ను గుర్తుపట్టలేదు. వారం తిరగకుండానే పోయారు. నలభైరోజుల దినం అయ్యాక ఆయన భార్య లాప్‌టాపు, ఫోను ఒక సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. సగంలో ఉన్న పని పూర్తి చేయడం తప్ప నేను ఆయనకు చేయగలిగింది ఇంకేమీ లేదు.

ఆ పని ఎట్లా ఉంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఉచితంగా దొరికే ఒక సెర్చ్ లైబ్రరీ వాడాను. అది ముందుగా ఫైళ్లన్నీ చదివి ఒక సూచిక కట్టుకుంటుంది. ఏ మాట ఏ ఫైల్లో, ఎన్నో చోట ఉందో అందులో రాసిపెట్టుకుంటుంది. మనం వెతకాల్సినదాన్ని కోడులో ప్రశ్నగా కట్టి ఇవ్వాలి. ఈ మాట తప్పకుండా ఉండాలి, ఈ మాట ఉంటే మంచిది, ఈ మాట ఉండకూడదు, ఈ రెండు మాటలు దగ్గర దగ్గరగా ఉండాలి, ఒక అక్షరం అటూఇటూ అయినా పర్వాలేదు, ఇట్లా. దొరికితే, ఆ మాట ఉన్నచోట ముందూ వెనకా రెండు మూడు వాక్యాలు చూపించి, దొరికిన మాటకు పసుపు రంగు వేస్తుంది. ఫైల్లో లేనిది చూపించడం దానికి చేతకాదు. చూపించే ప్రతి అక్షరం సూచికలోంచే తేవాలి.

ఓబులమ్మ మా ఇంటికి వచ్చింది ఒక బుధవారం ఉదయం. అరవై దాటిన మనిషి. గొర్రెలు మేపుకునే కుటుంబం. ఊరు మునిగాక ముద్దనూరు దగ్గర కాలనీలో ఉంటోంది. నా చిరునామా సార్ భార్య ఇచ్చిందట. రెండు బస్సులు మారి వచ్చింది. మంచినీళ్లు ఇస్తే తాగి, కుర్చీ మీద కూర్చోకుండా కిందే కూర్చుంది.

ఆమె చెప్పింది ఇది. భర్త సుంకన్న. ఊరు ఖాళీ చేయకముందే, సార్ ఆయన మాటలు రికార్డు చేసుకున్న ఎండాకాలమే గుండె ఆగి పోయాడు. పలకరించడానికి వచ్చిన మస్తాన్ సార్ వెళ్తూ వెళ్తూ, "మీ ఆయన నాతో ఒక మాట చెప్పినాడమ్మా. నీకు ఎప్పుడు వినల్ల అనిపిస్తే అప్పుడు అడుగు" అన్నారట.

"నేను అడగల్యమ్మా" అంది. "అది దేన్ని గురించో నాకు తెల్సు. అందుకే అడగల్య. రేపు అడుగుదాంలే, మాపు అడుగుదాంలే అనుకుంటి. సార్ పాయె."

వాళ్లకు ఒక ఆడబిడ్డ పుట్టింది. ముప్పై ఐదేళ్ల కిందటి మాట. పులివెందుల ఆస్పత్రిలో కాన్పు. ఇరవయ్యొకటో రోజు పేరు పెట్టాలనుకున్నారు. పదిహేడో రోజునే పోయింది. ఆమె బాలింత, ఇంట్లోనే ఉండిపోయింది. సుంకన్న ఒక్కడే తువ్వాలలో చుట్టి తీసుకుపోయి, పొద్దుగూకేలోపు తిరిగొచ్చాడు. ఎక్కడ పెట్టాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. తర్వాత పిల్లలు కలగలేదు. ఆ బిడ్డ మాట ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు.

"ఎండాకాలం నీళ్లు తగ్గుతాయి గదా, మా ఊరు కొంచెం తేలుతుందంట. యాడుందో తెలిస్తే ఒక్కసారి పోయొస్తా. అంతే."

లాప్‌టాపు తెచ్చి ఆమె పక్కనే కింద కూర్చున్నాను. సుంకన్న ఫైలు నలభై ఆరోది. మూడు పేజీలు. ప్రశ్న కట్టాను. మాట్లాడింది సుంకన్న అయి ఉండాలి. పాప, బిడ్డ, కూతురు, ఈ మూడింటిలో ఒకటి తప్పకుండా ఉండాలి, చివర ఏ విభక్తి ఉన్నా సరే. "పూడ్చ" అని మొదలయ్యే మాట తప్పకుండా ఉండాలి. వంక, చేను, గట్టు, చెట్టు ఉంటే మంచిది.

సున్నా ఫలితాలు.

ఏమేం మాటలు పెట్టి వెతికానో ఆమెకు చదివి వినిపించాను. ఆమె, "ఆ పూడ్చేది అనే మాట తీసెయ్‌మా. ఆయప్ప నోట్లోనుంచి ఆ మాట రాదు" అంది.

నిజమే అనిపించింది. ఆ మాట నాది, తండ్రి మాట కాదు. ఆ ఒక్క నిబంధన తీసేసి, మిగతావన్నీ అట్లాగే ఉంచి, ఒక అక్షరం తేడా ఉన్నా ఒప్పుకోమని రాసి మళ్లీ నడిపాను.

ఒక ఫలితం వచ్చింది. నలభై ఆరో ఫైలు. మూడు వాక్యాలు. "పాపను", "వంక", "గట్టున" అన్న మాటల మీద పసుపు రంగు. ఆమెకు చదవడం రాదు కాబట్టి నేను పైకి చదివాను.

"పాపను పడమటి వంక గట్టున రేగుమాను కింద పెట్టినా. గుర్తుండల్లని పగిలిన రోలు ముక్క బోర్లించినా. వాళ్లమ్మ కస్తూరీ అని పిలుస్తాంటే ఇన్న్యా, ఇన్నట్టు చెప్పల్య."

ఓబులమ్మ నా చేయి పట్టుకుంది. "ఇంగొకసారి సదువు" అంది. చదివాను. మూడోసారి అడిగింది. చదివాను.

ఆమె ఏడవలేదు. గోడవైపు చూస్తూ మెల్లగా చెప్పింది. పులివెందులలో కాన్పు చేసిన నర్సు పేరు కస్తూరి. నొప్పులు పడినంతసేపూ ఆ నర్సు తన తల నిమురుతూ కూర్చుందట. బిడ్డకు ఆ పేరు పెట్టుకోవాలని మనసులో అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. బిడ్డ బతికున్న పదిహేడు రోజులూ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే ఆ పేరుతో పిలుచుకుంది. పోయిన తర్వాత కూడా కొన్నాళ్లు గొర్రెల దొడ్డిలో ఒక్కతే ఉన్నప్పుడు పిలిచేదట.

"ఇన్న్యాడు సూడు" అంది. "ముప్పై అయిదేండ్లు ఒగ తట్టలో తిన్న్యాము. ఇన్న్యా అని ఒగ మాట అనల్య."

ఆమెకు ఇంకొంచెం వినిపిద్దామని ఫైలు మొత్తం తెరిచాను. ఆ మూడు వాక్యాలు అందులో లేవు. మొదటి నుంచి చివరి వరకూ రెండుసార్లు చదివాను. మేత గురించి ఉంది, గొర్రెలకు వచ్చే రోగాల గురించి ఉంది, గండి ఆంజనేయస్వామికి నడిచి పోయిన సంగతి ఉంది. పాప, బిడ్డ, కూతురు, వీటిలో ఒక్క మాటా లేదు. చివర్లో సార్ అడిగిన ప్రశ్న ఉంది: పిల్లలు? దాని కింద జవాబు: లేరు సార్.

వెనక్కి వచ్చి అదే ప్రశ్న, ఒక్క అక్షరం మార్చకుండా, మళ్లీ నడిపాను. సున్నా ఫలితాలు.

ఓబులమ్మకు ఆ సంగతి ఆ రోజు చెప్పలేదు. బస్టాండు దాకా స్కూటరు మీద దింపి వచ్చాను. దారిలో ఆ మూడు వాక్యాలు నా వెనక మెల్లగా చెప్పుకుంటూనే ఉంది. ఒక్క మాట తేడా లేదు.

తర్వాత వారం రోజులు నేను చేసిన పనులన్నీ చెప్తాను. సూచికలో ఉన్న మాటలన్నీ ఒక జాబితాగా బయటికి తీశాను. కస్తూరి అనే మాట నూట ఎనభై మూడు ఫైళ్లలో ఎక్కడా లేదు. సూచిక చెరిపేసి మళ్లీ కట్టాను, మళ్లీ వెతికాను, రాలేదు. సార్ లాప్‌టాపులో చెత్తబుట్ట, పాత కాపీలు, పెన్‌డ్రైవు, అన్నీ చూశాను. సార్ ఒకప్పుడు టైపు చేసి చెరిపేశారేమో అనుకున్నాను. చెరిపేసి ఉంటే దాని ఆనవాలు నాకు కనపడలేదు. కనపడినా, నేను కట్టిన సూచికలోకి అది రావడానికి దారి లేదు.

పని ఒత్తిడిలో లేనిది చదివానేమో అని కూడా అనుకున్నాను. అయితే నా ప్రోగ్రాము వేసిన ప్రతి ప్రశ్ననూ, వచ్చిన ఫలితాల సంఖ్యనూ ఒక లాగ్ ఫైల్లో రాసుకుంటుంది. అది తీసి చూశాను. ఆ బుధవారం పదకొండు గంటల పది నిమిషాలకు వేసిన ప్రశ్నకు ఒక ఫలితం. అదే ప్రశ్నకు పదకొండూ నలభైకి సున్నా. ఆ రెండు వరుసలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

చివరికి సార్ ఫోనులో అసలు రికార్డు విన్నాను. ఇరవై రెండు నిమిషాలు. సుంకన్నది బొంగురు గొంతు, నెమ్మది మాట. పిల్లలు, అని సార్ అడుగుతారు. ఆ తర్వాత దాదాపు ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. గొర్రెల మెడగంటలు వినిపిస్తాయి, ఎవరో దూరంగా కుక్కను అదిలిస్తారు. అప్పుడు ఆయన "లేరు సార్" అంటాడు. అక్కడ రికార్డు ఆగిపోతుంది. బహుశా సార్ ఫోను ఆపేశాకే ఆ మాట చెప్పి ఉంటాడు. సార్ దాన్ని మనసులోనే దాచుకుని ఉంటారు. అట్లయితే ఆ మాట తెలిసిన ఇద్దరు మనుషులూ ఆ బుధవారానికి లేరు.

మరుసటి ఎండాకాలం ఓబులమ్మను తీసుకుని పోయాను. నీళ్లు బాగా వెనక్కిపోయాయి. ఊరు అంటే మొండిగోడలు, బురద ఎండి పలకలు పలకలుగా పగిలిన నేల. తన ఇల్లు ఆమెకు దొరికింది. అక్కడినుంచి పడమటి వంకకు నేరుగా నడిచింది, నేనే వెనకబడ్డాను. వంక పూడిపోయి ఉంది. రేగుచెట్టు లేదు. ఒండ్రు మనిషి లోతు పేరుకుని ఉంది. రోలు ముక్క ఉంటే దాని కిందెక్కడో ఉండాలి. బిడ్డ పోయిన నెలలో వాళ్ల రోలు పగిలిన మాట నిజమేనని, సగం ముక్క ఏమైందని అడిగితే ఆయన బదులివ్వలేదని ఆమె చెప్పింది.

ఒక ఎండుపుల్లతో ఒండ్రు కాస్త గీరి చూడబోయాను. "వద్దులేమ్మా, పండుకోనీ" అంది.

గట్టున కూర్చుని, నేను పక్కనున్నానని కూడా చూడకుండా, ఆ పేరు పైకి పిలిచింది. ఒక్కసారే. తర్వాత భర్తను తిట్టింది. మూగోడివా అంది, నోరు పడిపోయిందా అంది, నేను గూడా అట్లనే ఉంటి గదయ్యా అంది. అప్పుడు ఏడ్చింది. నేను కొంచెం దూరం పోయి నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు ఫైలు సంగతి చెప్పేశాను. ఆ మాటలు అందులో లేవని, పిల్లలు లేరన్న జవాబే ఉందని, అవి ఎట్లా వచ్చాయో నాకు తెలియదని. ఆమె ఆశ్చర్యపోలేదు. వేరే సంగతి అడిగింది. "ఆ కాగితంలో పిల్లలు లేరని ఉండాదంటివి. దాన్ని మార్చు."

మార్చకూడదని, చెప్పింది చెప్పినట్టే ఉండాలన్నది సార్ నియమమని చెప్పాను. ఆలోచించి, ఆ మాటను అట్లాగే ఉంచి, దాని కింద ఒక వరుస చేర్చాను: ఓబులమ్మ చెప్పినది, మాకు ఒక కూతురు, పేరు కస్తూరి. ఆమెకు వినిపించాను. ఆయన మాట కింద తన మాట ఉంటే చాలంది.

ఇప్పుడు ఎవరైనా కస్తూరి అని వెతికితే ఒక ఫలితం వస్తుంది. అది నా చేతులతో టైపు చేసింది, ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. ఆ బుధవారం వచ్చింది ఎక్కడినుంచి వచ్చిందో ఎంత వెతికినా నాకు తెలియలేదు. ఇక వెతకడం మానేశాను.