కూత ఆగేదాకా

మా అత్త పోయింది. మిరప చేలో కోతలకు ఆలస్యంగా వచ్చిన కూలీల మేస్త్రీని తిడుతూ, తిట్టు పూర్తికాకుండానే సాళ్ళ మధ్య కూలిపోయింది. తిట్లు తింటున్న ఆ మేస్త్రీయే ఆమెను ఎత్తి ఆటోలో వేసుకుని పొదిలి ఆసుపత్రికి బయలుదేరాడు. దారిలోనే ప్రాణం పోయింది. పెద్దకర్మ రోజున అందరికంటే ఎక్కువ ఏడ్చింది అతనే. "మిగతాది ఎవరు తిడతారండీ నన్ను?" అన్నాడు. ఏడుస్తున్న నాకు ఆ మాటతో నవ్వొచ్చింది.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్ళయ్యాక నాకు అత్తగారు. చిన్నప్పుడు మొట్టికాయలు, పెద్దయ్యాక చీవాట్లు, రెండూ ఆమె దగ్గరే తిన్నాను. ఆమెను శాంతమూర్తి అని రాస్తే మా ఊళ్ళో కుక్కలు కూడా నవ్వుతాయి. కోపం వస్తే చేతిలో ఏముందో చూసుకునేది కాదు. నాదీ ఆ రక్తమే. మా ఇంట్లో సొట్ట పడని గిన్నె ఒక్కటీ లేదు. అలాంటి మనిషికి నేనెందుకు రుణపడి ఉన్నానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నా కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు ఊరి ఆడపిల్లలు కబడ్డీ జట్టు కట్టారు. తిరునాళ్ళలో పక్కూరి జట్టుతో ఆట. దీన్ని మాత్రం చేర్చుకోలేదు. ఈనెపుల్లలా ఉంది, ఊదితే పడిపోతుందన్నారు. అది ఇంటికొచ్చి ఏడవలేదు. నానమ్మ ముందు నిలబడి, "ఎంతమంది పట్టుకున్నా విడిపించుకుని వచ్చేట్టు నేర్పు" అంది. అత్త దాన్ని కిందినుంచి పైకి చూసి, "దెబ్బలు తగులుతాయే" అంది. "తగలనీ" అంది నా కూతురు.

కాయ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు పంపిన మర్నాడే కల్లంలో, మిరపకాయలు ఆరబోసే ఆ చదును నేల మీద, సున్నంతో గీత గీసింది అత్త. కాయ వెళ్ళాక కల్లం కడిగి పేడనీళ్ళు చల్లడం మా పద్ధతి. ఆ తొందరలో అదీ మరిచింది. గీతకు అవతల బాసింపట్టు వేసుకు కూర్చుని పిల్ల చీలమండ పట్టుకుంది. కబడ్డీ కబడ్డీ అన్న కూత ఆపకుండా, ఆ పట్టులోనే ఈడ్చుకుంటూ పిల్ల గీత దాటాలి. మొదటి ఈడ్పుకే మోకాళ్ళు చెక్కుకుపోయాయి. నేలలో ఇంకిన కారం ఆ గాయాల్లోకి పోయింది. పిల్ల పెట్టిన కేకకు నేను వంటింట్లోంచి పరుగెత్తి చెంబెడు నీళ్ళు గుమ్మరించాను. మిరప పండించే ఇంట్లో పుట్టినదాన్ని, నీళ్ళు పోస్తే మంట ఇంకా పాకుతుందని తెలియనిదాన్నా! కంగారులో బుర్ర పనిచేయలేదు. పిల్ల నేలమీద గిలగిలా కొట్టుకుంది.

"నీళ్ళేందే, నూనె తేవే!" అని అత్త నన్ను ఒక్క తోపు తోసింది. నూనె తెచ్చాను. దాంతోపాటు అట్లకాడా తెచ్చాను. "పిల్లని చంపుతావా? రేపట్నుంచి ఆటా లేదు, ఏం లేదు!" అంటూ అది విసిరితే, ఆమె భుజానికి తగిలి చర్మం చీరుకుంది.

అత్త పిల్ల మోకాళ్ళకు నూనె రాయడం పూర్తిచేసి, అట్లకాడ తీసి నా చేతికిచ్చింది.

"మీ తాత కూడా ఇట్టాగే ఆపాడే నన్ను," అంది. "దీని ఈడే నాకు. మగపిల్లల్తో చెడుగుడు ఆడతన్నా. కూతలో ఉన్నా. గీత ఇదిగో, ఇంత దూరం. వచ్చి జడ పట్టుకుని ఇంటిదాకా ఈడ్చుకొచ్చాడు. కర్ర విరిగేదాకా కొట్టాడు. ఆ దెబ్బలు మర్చిపోయాలే. అప్పటికి నా దగ్గర ఇంకా ఊపిరుంది చూడు, అది మర్చిపోలా."

మా తాత నాకు చక్కిలాలు కొనిపెట్టిన మనిషి. ఆయన చేతిలో కర్రను ఊహించుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

మర్నాడు తెల్లారేసరికి కల్లం కడిగి ఉంది. కడిగింది అత్త కాదు, నా కూతురు. మోకాళ్ళకు గుడ్డలు కట్టుకుని గీత దగ్గర నిలబడి నానమ్మను పిలుస్తోంది. ఇక నేనేం ఆపుతాను?

ఆ తర్వాత రోజూ పొద్దున్నే అదే యుద్ధం. అత్తది ఉడుంపట్టు. పిల్ల బోర్లా పడేది, గడ్డం పగిలేది, మట్టి ఉమ్మేసి మళ్ళీ కూత పెట్టేది. ఒకరోజు ఉక్రోషంతో నానమ్మ చేతిని నెత్తురొచ్చేలా కొరికింది. అత్త ఇంకో చేత్తో దాని చెంప ఛెళ్ళుమనిపించింది. "కాలు గురించి మర్చిపోవే. కాలు నా దగ్గరుంది, ఎటూ పోదు. నువ్వు గీత సంగతి చూసుకో" అంది. ఆ మాట తర్వాత నాకే చాలాసార్లు పనికొచ్చింది. అప్పుడు మాత్రం గడప మీద పళ్ళు బిగించుకుని కూర్చునేదాన్ని. లేచి లోపలికి పోలేను, కూర్చుని చూడలేను. చివరికి ఒక ఉదయం పిల్ల నానమ్మను కూర్చున్నచోటునుంచి ఈడ్చుకుంటూ గీత దాటేసింది. అత్త చీర చిరిగిపోయింది. ఆ సాయంత్రమే ఆమె జట్టు పిల్లల్ని పిలిచి, "ఏదీ, పట్టండే దీన్ని, చూద్దాం" అంది. పట్టలేకపోయారు. చేర్చుకున్నారు.

తిరునాళ్ళలో ఆడేచోటు చుట్టూ కొబ్బరితాడు కట్టారు. అత్తా నేనూ తాడు పక్కనే నిలబడ్డాం. నా కూతురు కూతకు వెళ్ళి ఒకమ్మాయి భుజం తాకింది. వెనక్కి తిరిగేలోపే నలుగురు మీద పడ్డారు. ఒకతె నడుం పట్టింది. ఒకతె మెడ మీద మోచెయ్యి పెట్టి నొక్కింది. పిల్ల మొహం నేలకేసి కొట్టుకుంది. పెదవి చీలి నోరంతా నెత్తురు. "చంపేస్తారర్రా పిల్లని! ఆపండయ్యా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

నేను తాడు ఎత్తి దూరబోయాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"వదులు!" అన్నాను.

"కూత వినపడతందా లేదా?"

"నెత్తురు కారతంది, కనపడట్లా నీకు?"

"కూత ఆగితే నువ్వెళ్ళు. ఆగేదాకా అది దాని ఆట. మధ్యలో లాగావో, చచ్చేదాకా గుర్తుంటదే దానికి!"

రెండో చేత్తో ఆమె వీపు మీద గుద్దాను. గోళ్ళతో రక్కాను. ఊరందరి ముందూ అత్తను కొడుతున్నానన్న స్పృహ కూడా లేదు. ఆమె కదల్లేదు, నా వైపు చూడలేదు. ఆ గోలలోనే చెవులు రిక్కించాను. వినపడింది. సన్నగా, నెత్తురూ మట్టీ కలిసిన గొంతుతో, కబడ్డీ కబడ్డీ కబడ్డీ. నలుగురినీ మోస్తూ అది మోచేతుల మీద పాకుతోంది. చెయ్యి చాచింది, అందలేదు. ఎవరో చొక్కా పట్టి వెనక్కి గుంజారు. చొక్కా చిరిగింది. మళ్ళీ చాచింది. వేళ్ళు గీత దాటాయి. ఈల మోగింది.

జనం కేకలతో నేల అదిరిపోయింది. నేను ఏడుస్తూ, "వదులత్తా, అయిపోయింది, వచ్చేసింది" అన్నాను. వదల్లేదు. అప్పుడు ఆమె వైపు చూశాను. రెండో చెయ్యి కొబ్బరితాడును పట్టుకుని ఉంది. తాడు అరచేతిని కోసి, మోచేతిదాకా నెత్తురు కారింది.

"వదులుదామంటే వేళ్ళు రావట్లేదే," అంది అత్త. "నిన్ను పట్టుకోబట్టి ఆగా గానీ, లేకపోతే నేనే దూకేదాన్ని."

నా కూతురు నెత్తుటి నోటితో నవ్వుతూ, తాడు కింద దూరి మా దగ్గరికి వచ్చేసరికి, నేనింకా నా మణికట్టు మీది ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పుతూనే ఉన్నాను.