నా పేరు కింద ఖాళీ వరస

ఆ ఉదయం అక్క ఆఫీసుకి బయల్దేరుతూ, చెప్పులేసుకున్న కాళ్లతోనే కంప్యూటర్ ముందు వంగి, నేను పాడుచేసిన ఒక వరసను సరిచేసింది. "నీ చెయ్యి పడిందంటే నాకు పనే!" అని నవ్వి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆఫీసు సీట్లోనే అక్క గుండె ఆగింది.

అక్క దుకాణాలకు వెబ్ పేజీలు తయారుచేసేది. నా కథలకూ ఒకటి చేసింది. టైపు చేసింది తనే, తప్పులు దిద్దింది తనే. చూసినవాళ్లంతా "పేజీ ఎంత ముచ్చటగా ఉందో! మీ అక్క చేసిందా?" అనేవారు. కథల గురించి ఒక్క ముక్క అనేవారు కాదు. నాకు కడుపు మండిపోయేది.

"నా కథల మీద నీ పేరు కనబడటానికి వీల్లేదు" అని ముందే తేల్చి చెప్పాను.

"సరేనమ్మా మహారచయిత్రీ, కనబడదులే" అంది.

అయినా నా కడుపుమంట చల్లారలేదు. శీర్షికకేమో వరసంతా ఇచ్చింది. నా పేరు దాని కింద ఎడమ మూలన ఒదిగి ఉంది.

"శీర్షిక బ్లాక్ కదే. రెండే అక్షరాలున్నా వరసంతా తనదే అంటుంది, పక్కన ఎవర్నీ కూర్చోనివ్వదు. నీ పేరు ఇన్‌లైన్. కావలసినంతే తీసుకుని పక్కవాళ్లకి చోటిస్తుంది."

"నా పక్కన ఎవరున్నారని? నన్నూ బ్లాక్ చెయ్యి."

"వద్దులేవే. అలాగే బాగుంది."

ఎంత పొగరు అనుకున్నాను. ఆ ఉదయం తను స్నానానికి వెళ్లగానే ఫైలు తెరిచి నా పేరును బ్లాక్ చేశాను. వెనక పసుపు రంగు కూడా పెట్టాను. ఈ చివరినుంచి ఆ చివరిదాకా పట్టీ పరుచుకుంది. కానీ దాని కింద ఎక్కణ్ణుంచో ఒక ఖాళీ వరస పుట్టుకొచ్చి, కథ కిందికి జరిగింది. ఏదో కెలికేశాననుకున్నాను. అక్క సరిచేసింది ఆ వరసనే.

పదిహేను రోజుల తర్వాత, ఆఫీసులో అక్క పక్క సీటావిడ ఇంటికొచ్చింది. నా అసూయతో సహా జరిగిందంతా చెప్పాను. ఆవిడ పేజీ తెరిచి, నా పేరు పక్కనున్న ఖాళీ మీద మౌస్ ఈడ్చింది. ఈడ్చినంత మేరా నీలంగా మారింది. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాల్లో, నా వరసలోనే, అక్క పేరు బయటపడింది.

నేను కిందికి తోసేసింది ఆ పేరునే.