వియారెజ్జో కార్నివాల్‌కు ఇద్దరం బయలుదేరాం

ఇటలీ కార్నివాల్‌కు తక్కువ ఖర్చుతో వెళ్ళి రావడం ఎలాగని దోహాలో నన్ను చాలామంది అడిగారు. చెప్తాను. కానీ ఈ ప్రయాణం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అది ముందే తెలుసుకోండి. వెనిస్ ముసుగులు, పడవలు కావాల్సినవాళ్ళు వేరే చోట చదువుకోండి. వెనిస్‌కు నేను పోనే లేదు. కార్నివాల్ రోజుల్లో అక్కడ నాలుగు రాత్రులకు ఒక మంచానికి అడిగే డబ్బుతో అల్ దోహా అల్ జదీదాలో మా గది నెలంతా నడుస్తుంది. నేను పోయింది వియారెజ్జో అనే సముద్రపు ఊరికి. అక్కడ కాగితంతో రెండంతస్తుల బొమ్మలు చేసి, బండ్ల మీద నిలబెట్టి, ఒడ్డు వెంట ఊరేగిస్తారు.

అసలు పోవాల్సిన మనిషి లింగన్న. నేను తోడు మాత్రమే.

లింగన్నది నిర్మల్. బొమ్మలు చేసే నకాషీ ఇంట్లో పుట్టి, బొమ్మలు కూడు పెట్టక కార్పెంటరై ఖతార్ వచ్చాడు. ప్రపంచకప్ వస్తోందని దోహా పక్కనున్న లుసైల్‌లో ఊపిరి ఆడకుండా కడుతున్న రోజులవి. ఆయన మా సైట్‌లో కాంక్రీటుకు షట్టరింగ్ చెక్కలు కొట్టేవాడు. నేను ఆఫీసు క్యాబిన్‌లో డ్రాయింగులు గీసేవాణ్ణి. నాది జగిత్యాల. లింగన్న నాకంటే పదేళ్ళు పెద్ద కాబట్టి నన్ను తమ్మీ అనేవాడు. నాలుగేళ్ళపాటు మధ్యాహ్నం ఇద్దరం ఒక్కచోటే కూర్చుని తిన్నాం.

ఒకసారి ఖాళీ సిమెంటు సంచుల కాగితం నానబెట్టి, ఇంటి నుంచి తెప్పించుకున్న చింతగింజల పిండితో అద్ది, గుమ్మడికాయంత చిలుక తల చేశాడు. అది చూసి మా సైట్‌లోని ఇటలీ ఇంజనీరు, బ్రూనో అనే పెద్దాయన, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. తమ ఊళ్ళోనూ ఇదే పని, పిండి మాత్రం గోధుమది అన్నాడు. రిటైరై ఇంటికి పోయాక కార్నివాల్ బండ్లు కట్టే షెడ్డులో చేరి, అక్కణ్ణుంచి మాకు ఉత్తరం పంపాడు. ఈ ఏడు తమ బండి మీద నవ్వే ముసలమ్మ బొమ్మ నిలబెడుతున్నామనీ, దాని కళ్ళు లింగన్నే వచ్చి దిద్దాలనీ, అందాకా ఖాళీగా ఉంచుతామనీ రాశాడు.

లింగన్న ఇంట్లో బొమ్మకు కళ్ళు అన్నిటికంటే చివరన దిద్దుతారు. ఇంటి పెద్ద ఒక్కడే దిద్దుతాడు. తండ్రి ఉన్నన్నాళ్ళు లింగన్నకు ఆ వంతు రాలేదు. తండ్రి పోయేనాటికి ఇంట్లో బొమ్మల పనే లేదు. ఉత్తరం చదివి వినిపించిన రోజు, "నలభై ఆరేండ్లొచ్చినయ్ తమ్మీ. ఇప్పటిదాక ఒక్క బొమ్మకు కన్ను దిద్దలే" అన్నాడు. చిలుకకు కళ్ళెందుకు పెట్టలేదో నాకు అప్పుడు తెలిసింది. రంగు అయిపోయిందేమో అనుకున్నాను నేను.

వీసాకు మూడుసార్లు తిరిగాం. బ్రూనో ఉత్తరం, కంపెనీ ఉత్తరం, బ్యాంకు కాగితాలు అన్నీ పెట్టినా కౌంటర్లో కూర్చున్న మనిషి లింగన్న చేతులు చూసి, "నీకు కార్నివాల్ దేనికి?" అని అడిగాడు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. అక్కడే రెండు తిట్టబోతే లింగన్న నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఎలాగైతేనేం, ఇద్దరికీ వీసా వచ్చింది. కంపెనీ ఐదు రోజుల లీవ్ ఇచ్చింది. వీసా పడ్డాక మళ్ళీ వాళ్ళే దాచుకున్న పాస్‌పోర్టులు కూడా ఇచ్చారు. ఇంగ్లిషు వచ్చినవాణ్ణి కదా, కాగితాల సంగతి మొత్తం నేను నెత్తికెత్తుకున్నాను. "నువ్వు బట్టలు సర్దుకో అన్నా, మిగిలింది నేను చూసుకుంట" అన్నాను.

శుక్రవారం విమానమే అన్నిటికంటే చవక. పొద్దున ఎనిమిదిన్నరకు. ఐదున్నరకు టాక్సీలో సనయ్యకు పోయి, అదే మా కార్మికుల క్యాంపులన్నీ ఉండే చోటు, లింగన్నను ఎక్కించుకున్నాను. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, గడ్డం నున్నగా గీసుకుని గేటు బయట నిలబడి ఉన్నాడు. టాక్సీ ఖాజా భాయ్‌ది. నిజామాబాద్ మనిషి. ఎయిర్‌పోర్టులో సామాను దింపుతూ, "ఖురూజ్ ఉంది గదా భాయ్? జుమ్మా రోజు ఒక్కడు ఫోన్ ఎత్తడు" అన్నాడు. "అన్నీ ఉన్నయ్ గని, నువ్వు చిల్లర ఇయ్యి" అన్నాను నేను, పెద్ద మొనగాడిలా.

ఖురూజ్ అంటే ఏమిటో చెప్పాలి. ఆ రోజుల్లో ఖతార్ దాటి పోవాలంటే వీసా, టికెట్ ఉంటే చాలదు. ఈ మనిషిని పోనిస్తున్నాం అని కంపెనీ ఒప్పుకుని అనుమతి పెట్టాలి. అదే ఖురూజ్. నా పాస్‌పోర్టు మీద టపీమని ముద్ర పడింది, నేను అవతలికి వచ్చేశాను. పక్క కౌంటర్లో ఆఫీసరు లింగన్న నంబరు రెండుసార్లు కొట్టి చూసి, పాస్‌పోర్టు వెనక్కి తోసి, "మాఫీ ఖురూజ్" అన్నాడు. లేదు, అంతే. లింగన్న కౌంటరు మీదుగా నా వైపు చూశాడు.

"తమ్మీ, నీదానితోని నాది గూడ తీసినవ్ గదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసులో పనిచేసే మాలాంటి వాళ్ళకు కంపెనీ ఏడాదికోసారి ఒకేసారి అనుమతి పెట్టేస్తుంది. ఎన్నిసార్లైనా పోవచ్చు, రావచ్చు. నాలుగేళ్ళుగా అలా తిరిగి తిరిగి, అలాంటిదొకటి ఉందన్న సంగతే నేను మరిచిపోయాను. సైట్‌లో పనిచేసేవాళ్ళకు పోయిన ప్రతిసారీ విడిగా పెట్టించాలి. రెండేళ్ళకోసారి ఇంటికి పోయేటప్పుడు అది కంపెనీ ఇచ్చే టికెట్ కవర్లోనే వస్తుంది. ఈసారి కవరు నేను కదా. నేను తీసుకుని ఉంటానని ఆయన అనుకున్నాడు. నేను అసలేమీ అనుకోలేదు.

ఆ మాట అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. "మందూబ్ గాడు మోసం చేసిండన్నా" అన్నాను. మందూబ్ అంటే కంపెనీ కాగితాలు పట్టుకుని సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. పాపం, ఆయనకు నేను ఒక్క ముక్క కూడా చెప్పి ఉండలేదు. అబద్ధం నోట్లోంచి జారింది, లింగన్న నమ్మాడు. నాకే నమ్మాలనిపించింది. పదకొండుసార్లు ఫోన్ చేశాను. శుక్రవారం. ఫోన్ ఆఫ్.

"నువ్వన్న పో తమ్మీ. ఇద్దరం ఆగితే ఆ పెద్దమనిషికి మాటెవ్వరు చెప్తరు?" అన్నాడు లింగన్న. బ్యాగు భుజానికి వేసుకుని, కొత్త బూట్లతో, వచ్చిన దారినే పోయాడు.

విమానంలో నేను తినలేదు, నిద్రపోలేదు. పక్కసీటు మలయాళీ నర్సు "యూరప్ మొదటిసారా?" అని అడిగితే సమాధానం కూడా చెప్పలేదు. ఆవిడకు ఈ పేజీలోనే క్షమాపణ. పన్నెండు ముప్పావుకు రోమ్‌లో దిగాను. ఖర్చు తగ్గాలంటే వేగంగా పోయే రైళ్ళ జోలికి పోకండి. ప్రతి ఊళ్ళో ఆగే రైలు ఎక్కండి. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం మీది మిషన్‌లో ముద్ర కొట్టించుకోండి, లేకపోతే జరిమానా వేస్తారు. టికెట్ మిషన్ ఎంతమంది అని అడిగితే నేను రెండు నొక్కాను. చెరిపి, ఒకటి నొక్కాను. ఆ మిషన్‌ను ఒక్క తన్ను తన్నాలనిపించింది.

పిసాలో రైలు మారాలి. వంగిన గోపురం అక్కడే ఉందట, ఉండనీ. స్టేషన్‌లో గొడుగులు అమ్మే బంగ్లాదేశ్ మనిషి నన్ను చూసి, "దుబాయ్ సే?" అన్నాడు. ఖతార్ అన్నాను. తానూ అక్కడ ఆరేళ్ళు చేశానని చెప్పి, "ఛుట్టీ మిలీ? అచ్ఛా కంపెనీ హై" అన్నాడు. సెలవిచ్చిన మంచి కంపెనీ అట. నాకు కడుపు మండిపోయింది. ఆయన గొడుగు కొనకుండా వచ్చేశాను.

రాత్రి భోజనాల వేళకు వియారెజ్జో చేరాను. బ్రూనో స్టేషన్‌కు వచ్చాడు. నన్ను కౌగిలించుకుని, నా భుజం మీదుగా వెనక ఎవరైనా దిగుతారేమోనని రైలు కదిలిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఇంట్లో రెండు మంచాలు వేసి, ఒక్కో దాని మీద ఒక తువ్వాలు మడిచి పెట్టారు. లింగన్న పెద్దమాంసం తినడని బ్రూనో చెల్లెలు చిక్కుళ్ళతో కూర వండింది. ఆయనకూ నేను మందూబ్ కథే చెప్పాను. ఖతార్‌లో చేసిన మనిషి కదా, ఇటాలియన్‌లో చాలాసేపు తిట్టాడు. నేనూ తెలుగులో కలిశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ మందూబ్‌ను నేను తిట్టినంతగా ఎవరూ తిట్టి ఉండరు.

శనివారం పొద్దున షెడ్డుకు పోయాం. ముసలమ్మ తల కప్పుకు తగులుతోంది. బుగ్గల ముడతలు, పళ్ళు, ముక్కుపుడక అన్నీ పూర్తయ్యాయి. కళ్ళున్న చోట తలుపులంత రెండు తెల్లటి ఖాళీలు. వీడియో కాల్ చేశాను. లింగన్న హెల్మెట్‌తో, ప్లైవుడ్ దొంతుల వెనక నిలబడి ఎత్తాడు. డ్యూటీలో ఉన్నాడు.

"లీవ్ ఏమైందన్నా?"

"క్యాంప్‌ల ఉన్నోనికి లీవెందుకన్నడు ఫోర్‌మ్యాన్. వచ్చిన."

ఫోన్ బొమ్మ వైపు తిప్పాను. రేపు మూడింటికి ఊరేగింపు, మార్కులు వేసేవాళ్ళు వస్తారు, అయినా సరే లింగన్న కోసం కళ్ళు లేకుండానే తీసుకెళ్తాను అన్నాడు బ్రూనో. నేను తెలుగులో చెప్పాను.

"వద్దు తమ్మీ. గుడ్డిదాన్ని ఊరేగియ్యద్దు. ఆయన్నే దిద్దమను" అన్నాడు లింగన్న. వెనక ఎవరో యల్లా యల్లా, త్వరగా కానియ్యమని అరుస్తున్నారు. "చూపు కిందికి వెట్టమను. పిల్లలు కింద నిలవడ్తరు గదా, ఆళ్ళను చూడాలె." ఫోన్ పెట్టేశాడు. బ్రూనో నిచ్చెన ఎక్కి సాయంత్రందాకా దిద్దాడు. నేను కింద నిలబడి రంగు డబ్బాలు అందించాను.

ఆదివారం. కార్నివాల్ చూడటానికి టికెట్ ఉంది, రోడ్డు మీద నిలబడి చూసేది చాలు, మెట్ల సీట్లు దండగ. పన్నెండింటికే పోయి సముద్రం వైపు నిలబడండి. రొట్టె వెంట తెచ్చుకోండి, లోపల అన్నీ రెట్టింపు. మూడింటికి ఫిరంగి పేలింది, బండ్లు కదిలాయి. పాటలు, డప్పులు, సంచుల కొద్దీ కాగితపు ముక్కలు చల్లడం. అందరూ నవ్వుతున్నారు. నాకు ఒక్కొక్కరి మీదా కోపం. ఒకావిడ పిడికెడు ముక్కలు నా మొహాన కొడితే తిట్టడానికి నోరు తెరిచాను, అవి నోట్లోకి పోయాయి. ఆవిడ ఇంకా నవ్వింది.

అప్పుడు ముసలమ్మ వచ్చింది. మిగతా బండ్ల మీది బొమ్మలన్నీ ఆకాశంలోకో దూరంగానో చూస్తున్నాయి. ఇదొక్కటే కిందికి చూస్తోంది. తండ్రుల భుజాలెక్కిన పిల్లలు అరవడం ఆపి, దానివైపే తలలు తిప్పారు. ఆ చూపు పెట్టించినవాడు లుసైల్‌లో మేకులు కొడుతున్నాడని ఆ ఊరంతటికీ వినబడేలా చెప్పాలనిపించింది. తెలుగులోనే అరిచాను కూడా. డప్పుల్లో ఎవరికీ వినబడలేదు. ఫొటోలు తీసుకున్నాను.

సోమవారం మళ్ళీ అదే రైళ్ళు, అదే రోమ్. మంగళవారం పొద్దున ఆరున్నరకు దోహాలో దిగాను. ముద్ర పడటానికి అరనిమిషం పట్టలేదు. రానూ పోనూ విమానం, రైళ్ళు, తిండి అన్నీ కలిపి నా జీతంలో సగం దాటలేదు. పడక బ్రూనో ఇంట్లో కాబట్టి దానికి ఖర్చు లేదు. అలాంటి కార్నివాల్ నేను మరోచోట చూడలేదు, చూడదగ్గదే. ఖతార్ నుంచి పోయేవాళ్ళు గురువారం మధ్యాహ్నంలోగా మీ వెంట వచ్చే ప్రతి మనిషి ఖురూజూ కళ్ళతో చూసుకోండి. మీది ఉంటే అందరిదీ ఉన్నట్టు కాదు.

నేరుగా లుసైల్ పోయాను. మధ్యాహ్నం తిండి వేళకు లింగన్న ఎప్పటి చోటే, నీడలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. ఫోన్ ఇచ్చాను. ఫొటో పెద్దది చేసి, జరిపి జరిపి చూశాడు.

"చూపు మంచిగ దిగింది. ఎడమ కన్నే జర పైకి వొయింది" అన్నాడు.

రెండు రోజులు ఆ కళ్ళనే చూశాను, నాకు కనబడలేదు. ఇప్పుడు చూస్తే అదొక్కటే కనబడుతోంది. సిగ్గేసి, ఆ సిగ్గు కప్పుకోవడానికి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ మందూబ్ గాణ్ణి ఇవాళ వదలను, ఆఫీసుకు పోయి కాలర్ పట్టుకుంటాను అన్నాను.

లింగన్న నాకూ ఒక రొట్టె తుంచి పెట్టాడు.

"ఆయన్ను తిట్టకు తమ్మీ. ఆదివారం డ్యూటీ ఇడిచినంక పోయి, గట్టిగనే అడిగిన. ఐదు నిమిషాల పని, ఎవ్వరూ నన్ను అడగలేదన్నడు. కంప్యూటర్ తిప్పి చూపెట్టిండు." రొట్టె నమిలి, నీళ్ళు తాగాడు. "నీకు అడిగే పనే లేదట గదా. నాకొక్క మాట చెప్తే, నాది నేనే పోయి తెచ్చుకుంటుంటి."