నీళ్ల ట్యాంకు దగ్గర నా సోమరితనం

మా కొండ ఆసుపత్రిలో నర్సులు ఎంత పని చేస్తున్నారో తేల్చడానికి ఓ సారు దిగాడు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, ఒంటి మీద కొత్త చలికోటు. రోగిని తాకితే పని, తాకకపోతే ఖాళీ, అదీ ఆయన లెక్క. సిలిండర్ దొర్లించుకొచ్చినా, దుప్పట్లు ఉతకడానికి పంపినా, ల్యాబు చుట్టూ తిరిగినా ఖాళీయే. ఆహా, ఇన్నాళ్లూ ఎంత సుఖపడిపోయానో నాకే తెలియలేదు!

ఆ రోజే హుకుంపేట వైపు నుంచి ఓ నిండు గర్భిణి వచ్చింది. బీపీ చూస్తే చాలా ఎక్కువగా ఉంది. వెంటనే విశాఖ పంపాలి. అంబులెన్సు సిద్ధంగా ఉంది. అత్త మాత్రం కోడలి చెయ్యి వదలదు.

"మా దిసారి గడియ సెప్పకుండా గుమ్మం దాటనివ్వను సిస్టరమ్మా. నువ్వే బేగి ఫోన్ సెయ్యి."

దిసారి అంటే ఊళ్లో మంచీచెడూ గడియలు చూసే పెద్దాయన. ఈ కొండల్లో దిసారుల నంబర్లన్నీ నా ఫోన్‌లోనే ఉంటాయి. సిగ్నల్ ఒక్కటే వార్డులో ఉండదు, నీళ్ల ట్యాంకు దగ్గర దొరుకుతుంది. పరుగెత్తాను.

"ఇదే మంచి గడియమ్మా. ఏటి ఆలోసిత్తన్నారు? బండెక్కించండి" అన్నాడాయన.

ఇన్నేళ్లలో ఏ దిసారీ నాకు కాదని చెప్పలేదు. అడిగే మనిషి ఉండాలి, అంతే. నేనొచ్చి ఆ మాట చెప్పగానే అత్త చెయ్యి వదిలింది. తల్లీబిడ్డా క్షేమంగా తిరిగొచ్చారు.

సారు మాత్రం ఆ రోజే, ట్యాంకు దగ్గర్నుంచి వస్తుంటే, నన్ను గుమ్మంలో పట్టుకున్నాడు.

"ఏం సిస్టర్, ట్యాంకు దగ్గర ఫోన్‌లో కబుర్లా?"

"దిసారితో మాట్లాడాను సార్."

"దానికి కాలమ్ లేదమ్మా" అన్నాడు. పాపం, నిజంగానే వెతికాడు.

కాలమ్ లేనిది పనెలా అవుతుంది? మా షిఫ్టులో ఒక నర్సు ఎక్కువని తేల్చి, నా తోటి ఆవిణ్ణి కొండ కిందికి బదిలీ చేశారు. సారు వెళ్తూ వెళ్తూ కాఫీ పొడి కొనుక్కున్నాడు.

మొన్న వానల్లో అనంతగిరి నుంచి ఇంకో గర్భిణి వచ్చింది. అదే బీపీ, పైగా ఫిట్స్. డాక్టరు ఇంజెక్షన్ చేయించి, బేగి పంపమని చెప్పి, ఇంకో కేసుకి పరుగెత్తాడు. వార్డులో నేనొక్కదాన్నే. పక్కకి తిప్పి పట్టుకోకపోతే ఆ పిల్లకి ఊపిరాడదు. పిల్ల వాళ్లమ్మకేమో దిసారి మాట కావాలి. నా ఫోనిచ్చి అంబులెన్సు డ్రైవర్ని ట్యాంకు దగ్గరికి పంపాను. దిసారి వెళ్లమన్నాడని అతను వచ్చి చెబితే వాళ్లమ్మ నమ్మదే!

"బండోడి మాట నాను నమ్మను. నువ్వెళ్లి అడుగు సిస్టరమ్మా."

ఎలా వెళ్లను తల్లీ? బతిమాలాను, అరిచాను, ఏడ్చాను కూడా. తర్వాతి షిఫ్టు నర్సు వచ్చాక గానీ నేను ట్యాంకు దగ్గరికి పోలేకపోయాను.

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ పూటంతా ఆ పిల్లని పట్టుకున్న చెయ్యి వదల్లేదు. సారు లెక్కలో నేను ఒక్క నిమిషం కూడా ఖాళీగా లేను.