పంజాగుట్ట శాలువాలు, అమీర్‌పేట సంపు

మొన్న పేపర్లో పంజాగుట్ట ఇంజనీరింగ్ కాలేజీ చైర్మన్ గారి ఇంటర్వ్యూ పడింది. కాలేజీలోనే కొత్త కంపెనీలకు ఊతమిచ్చే ఇంక్యుబేటర్ అని ఒక కేంద్రం పెట్టామనీ, ఏసీ గది ఇచ్చామనీ, అయినా సొంత కంపెనీ పెట్టాలనుకునే పిల్లలు ఎక్కడెక్కడి దేశాల వాళ్ల స్టార్టప్ ప్రోగ్రాముల వెంటపడుతున్నారనీ, ఈ తరానికి కృతజ్ఞత లేదనీ తెగ వాపోయాడు. కాలేజీ పేరు నేను రాయను. రాస్తే దానికీ ఒక ఫ్లెక్సీ కట్టుకుంటారు.

ఆ కృతజ్ఞత లేని పిల్లల్లో ఒకదాన్ని నేను దగ్గరుండి చూశాను. పేరు యశస్విని. మా హాస్టల్ వంటామె బుచ్చమ్మ కూతురు. నేను దుర్గాంబని. తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. నా దగ్గర ఉండేవాళ్లంతా జావా అనీ, టెస్టింగ్ అనీ కోచింగులకు వచ్చినవాళ్లు. ఒక్కో గదిలో ఎంతమంది ఉంటారని అడక్కండి, అమీర్‌పేటలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

మెట్రో పనులకి రోడ్డంతా తవ్విపోసిన ఎండాకాలం అది. బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ నీళ్లే దిక్కు. మా వీధికి ట్యాంకర్ తెచ్చేవాడు హనుమాండ్లు. నేల కింది సంపులో పైపు వేసి, బండి ఇంజన్ ఆపకుండానే, కాసేపటికి పైపు పీకి "పూర పోసిన అమ్మా" అనేవాడు. సంపు లోపల చీకటి. ఎంత పోశాడో ఆ దేవుడికే తెలియాలి. మధ్యాహ్నానికి కుళాయిలు బుస్సుమనేవి, ముఖానికి సబ్బు రాసుకున్న పిల్లలు కేకలు పెట్టేవారు. చివరికి అందరూ కలిసి బుచ్చమ్మ మీద పడ్డారు. గిన్నెలు తోమడానికే నీళ్లన్నీ తగలేస్తోందని ఆమె ముఖం మీదే అన్నారు. బుచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అన్నం వార్చడం ఆ సాయంత్రం కూతురు చూసింది.

యశస్విని అదే పంజాగుట్ట కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. ఇల్లు ఎర్రగడ్డలో. కాలేజీ అయ్యాక తల్లి కోసం మా వంటింటి గడప మీద కూర్చునేది. మాట తక్కువ. తల్లి ఏడ్చిన మర్నాడు వచ్చి, సంపు మూత తియ్యమంది. "అమ్మ తప్పేం లేదు ఆంటీ. ట్యాంకరాయన సగమే పోస్తుండు. నేను చూపిస్త," అంది.

కొన్నాళ్లు పుల్లలు ముంచి, టేపు పట్టి, చివరికి ఒక డబ్బా తయారుచేసి మూత లోపలివైపు బిగించింది. దానికి కళ్లలాగా రెండు గుండ్రటి సెన్సర్లు. ఒకటి శబ్దం పంపుతుందట, అది నీళ్లకు తగిలి తిరిగొస్తే రెండోది వింటుందట. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూసి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నా ఫోన్‌కు మెసేజ్ కొడుతుంది. మొదట ఆవిరి పట్టి మూడొంతులు అబద్ధాలే చెప్పింది. పిల్ల విసుక్కోలేదు. ప్లాస్టిక్ పైపు ముక్క కోసి కళ్లకు గొడుగులా పెట్టింది, మళ్లీ చూసింది, మళ్లీ మార్చింది. ఒకరోజు హనుమాండ్లు పైపు పీకబోతుంటే ఫోన్ చూపించాను. అతను పైపు తిరిగి సంపులో వేశాడు. ఆ రోజు బుచ్చమ్మ పిల్లలందరికీ పాయసం వండింది, నేనేమీ చెప్పకుండానే.

పక్క హాస్టళ్ల వాళ్లు కూడా వచ్చి చూసి మాకూ కావాలన్నారు. అక్కడితో సంగతి కాలేజీ దాకా పాకింది. అక్కడే పిల్లకు శని పట్టింది.

ఆ శని పేరు రామ్మోహనరావు. ఇంక్యుబేటర్ డైరెక్టర్. ఆయన జీవితంలో సరుకొక్కటి తయారుచేసింది లేదు, అమ్మింది లేదు. సూటు మాత్రం ఎండాకాలంలోనూ విప్పడు. ఇంక్యుబేటర్ ఎలా ఉందే అని నేను పిల్లను అడిగితే, అద్దాల తలుపులున్నాయంది, కూర్చోవడానికి మెత్తటి సంచులున్నాయంది, వాటి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదంది. పని చేసుకోవడానికి బల్ల ఉందా అంటే లేదంది. సాయంత్రం వేళ తెరిచి ఉంచమని అడిగితే, సామాను పాడవుతుందని ఆయన తాళం వేసుకుని వెళ్లిపోయేవాడట. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే.

మరి ఆ గది ఎందుకయ్యా అంటే, వచ్చేపోయే కమిటీలకు చూపించడానికి. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ ఒకటి, యూనివర్సిటీ కమిటీ ఒకటి, ఎవరో ఎమ్మెల్యే గారు ఒకరు. ఎవరొచ్చినా ముందు రోజు ఫోన్: "అమ్మా యశస్వినీ, డబ్బా తీసుకుని బ్లేజర్ వేసుకుని రా." పిల్ల నా సంపులోంచి డబ్బా ఊడదీసి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని పంజాగుట్ట పోయేది. వచ్చినవాళ్లకు శాలువా, జ్ఞాపిక. పిల్లకూ ఒక శాలువా. ఫొటో. నా సంపు ఆ రోజు గుడ్డిదైపోయేది. హనుమాండ్లు ఈ సంగతి కనిపెట్టేశాడు. కాలేజీ గేటుకు మామిడాకులు కట్టిన రోజున మాకు సగం నీళ్లే.

మా ఇంట్ల శాలువాలు పేరుకుపోయినయి ఆంటీ, చలికాలం సుత రాలే, అని పిల్ల ఒకసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. నెలల తరబడి అంతమంది పెద్దలు ఆ డబ్బా పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఒక్కడు కూడా తన ఇంటి సంపుకు ఒకటి కావాలని అడగలేదు.

ఇక పేటెంట్ ముచ్చట. దరఖాస్తు కాలేజీయే పెడుతుందట, మొదటి పేరు చైర్మన్ గారి అబ్బాయిదట, రెండోది రామ్మోహనరావుదట, పిల్లది చివర్న. ఆ అబ్బాయి ఆ డబ్బాను చేత్తో ముట్టుకున్నది కూడా లేదు. గది ఊరికే ఇస్తామా అమ్మా అని డైరెక్టర్ గారి వాదన. ఏ గది? పిల్ల పని చేసింది మా వంటింటి గట్టు మీద. సంతకం పెట్టమని ఆయన రోజూ వెంటపడేవాడు. పిల్ల రేపు, ఎల్లుండి అంటూ తప్పించుకునేది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి మరి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అప్పుడే ఆమె ఇంటర్నెట్‌లో చూసి ఒక విదేశీ ప్రోగ్రాముకు దరఖాస్తు పెట్టింది. ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇక్కడినుంచే కంప్యూటర్లో. అటునుంచి మాట్లాడినావిడ మంజూష, పుట్టింది విశాఖపట్నంలోనే, ఇప్పుడు ఉండేది ఆ దేశంలో. ఆమె పిల్లతో కాసేపు మాట్లాడి, వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే పిలవమంది. నన్ను పిలిచారు. పిండి చేతులతో తెర ముందు కూర్చున్నాను. "ఈ అమ్మాయి రేపు డబ్బా తీసేసుకుంటే మీరేం చేస్తారండీ?" అని అడిగింది. సంపు మూత మీద కూర్చుంటాను, నన్ను లేపి తీసుకెళ్లమనండి అన్నాను. ఆవిడ నవ్వి, డబ్బా ఎప్పుడెప్పుడు పాడైందో అడిగింది. కమిటీల రోజుల సంగతి కూడా చెప్పాను.

వాళ్లేం ధర్మప్రభువులు కారు. ఆ ప్రోగ్రామూ వ్యాపారమే, పిల్ల పైకొస్తే అందులో వాళ్లకూ వాటా. ఆ మాట మొదటే చెప్పారు. కాకపోతే వాళ్లకు ఒకటే షరతు. ఈ వస్తువు మీద ఇంకెవరికీ హక్కు లేదని రుజువు కావాలి. కాలేజీ అడ్డుపడితే తీసుకోరు. పిల్ల పోయి రామ్మోహనరావును అడిగింది. ఆయన ఎగిరిపడ్డాడు. మా ఇంక్యుబేటర్ ప్రాడక్టు బయటివాళ్లకెలా ఇస్తామన్నాడు. ఇన్నొవేషన్ డే నాడు ముఖ్య అతిథి ముందు బాగా చూపించు, ఆ రోజే పేటెంట్ సంతకం కూడా స్టేజి మీద పెట్టేద్దాం, ఫొటో బాగుంటుంది అన్నాడు. పిల్ల ముఖం పాలిపోయి వచ్చింది. మార్కులు పోతే డిగ్రీ పోతుంది, సంతకం పెడితే డబ్బా పోతుంది.

ఇన్నొవేషన్ డేకి నన్నూ పిలిచారు, లబ్ధిదారు అని ఒక బ్యాడ్జీ తగిలించి ముందు వరుసలో కూర్చోబెట్టారు. స్టేజి పెళ్లి మండపంలా ఉంది. రెండు వీడియో కెమెరాలు, ఫేస్‌బుక్‌లో లైవ్. మధ్యలో అద్దాల తొట్టి, దాని మీద కళ్లు పైకి పెట్టి మా డబ్బా, వెనక నీటి లెక్క చూపే పెద్ద తెర. పంతులు గారు వచ్చారు. మనకు కొత్త స్కూటర్ కొన్నా, మిక్సీ కొన్నా బొట్టు పెట్టడం అలవాటే కదా. చైర్మన్ గారి భార్య తడి పసుపు గిన్నె పట్టుకుని లేచింది. డబ్బాకు రెండు కళ్లు కనిపించాయి. ఇంకేముంది, రెంటికీ మెత్తగా పసుపు మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

యశస్విని గబగబా రుమాలు తీసి తుడవబోయింది. రామ్మోహనరావు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏంటమ్మా ఇది? మేడమ్ గారు పెట్టిన బొట్టు చెరుపుతావా? అశుభం." సెన్సర్ పని చెయ్యదు సార్ అని పిల్ల రెండుసార్లు చెప్పింది. ఆయన కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. పిల్ల ఒక్క క్షణం ఆగింది, తర్వాత రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది.

డబ్బాను తొట్టి మీద బోర్లించాక ముఖ్య అతిథి బిందెలతో నీళ్లు పోయించాడు. తెర మీద సున్నా. ఇంకో బిందె. సున్నా. తొట్టి పొంగి కార్పెట్ తడిసింది. తెర మీద మాత్రం చుక్క లేదు. ముఖ్య అతిథి నొసలు ముడిచాడు. చైర్మన్ గారు డైరెక్టర్ వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకే రామ్మోహనరావు మైకు లాక్కున్నాడు. ఇది పిల్లలు ఇంటి దగ్గర సరదాకి చేసుకున్నదండీ, మా ఇంక్యుబేటర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదండీ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

యశస్విని పక్కనున్న ఇంకో మైకు తీసుకుంది.

"అంటే సార్, ఇది కాలేజీది కాదా?"

"కాదమ్మా. నీ సొంత పైత్యం. దీని మీద కాలేజీ పేరు ఎక్కడా పెట్టకు."

"పెట్ట సార్. పేటెంట్ల సుత పెట్ట. మీరందరి ముంగట చెప్పిండ్రు."

ఆయనకు అప్పటికీ అర్థం కాలేదు. తలూపి, తర్వాతి ప్రాజెక్టును పిలిచాడు. ఆ వీడియో రెండు రోజులు కాలేజీ పేజీలోనే ఉంది. పిల్ల దాన్ని దింపుకుని మంజూషకు పంపింది. ఇంతకంటే స్పష్టంగా మా లాయర్లు కూడా రాయలేరు అందట ఆవిడ, పిల్లను ప్రోగ్రాములో చేర్చుకున్నారు. ప్రాజెక్టు మార్కులు ఆయన తగ్గించే వేశాడు. అయినా పిల్ల పాసయింది. బొట్టు కావాలనే వదిలేశావా అని నేను తర్వాత అడిగాను. "మొదలు తుడుస్తనన్న ఆంటీ. వద్దన్నరు. ఇగ నాకెందుకు ఫికర్," అంది.

ఆ తర్వాత కొన్ని నెలలు మా భోజనాల బల్లే ఆమె ఆఫీసు. పంజాగుట్ట ఇక్కడికి కూతవేటు దూరం, అక్కడ ఒక బల్ల దొరకలేదు. సముద్రాల అవతలి మనిషి మాత్రం వారం వారం తెరలోంచి ప్రాణం తీసేది. ఈ వారం ఎవరి సంపులు చూశావు, ఎవరు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు. ఒకసారి పిల్ల ముచ్చటపడి రంగుల లోగో వేయించుకుంటే, అది నిన్నెవరు అడిగారని ఝాడించింది. పిల్ల ఏడుస్తూనే పోయి ఇంకో హాస్టల్ తలుపు తట్టింది. మా వీధి దాటి సనత్‌నగర్ వర్క్‌షాపుల దాకా డబ్బాలు ఎక్కాయి. పేపర్లో చిన్న వార్త పడింది.

వార్త పడ్డ వారానికి పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. మా ఇంక్యుబేటర్ ముద్దుబిడ్డ అని పిల్ల ఫొటో గోరంత, చైర్మన్ గారి ఫొటో కొండంత. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. రామ్మోహనరావు పూలబొకేతో స్వయంగా మా హాస్టల్‌కే దిగాడు. నేను కుర్చీ వెయ్యలేదు. యశస్విని సంపులోకి వంగి కొత్త డబ్బా బిగిస్తోంది. లేచి, తడి చేతులు చున్నీకి తుడుచుకుని నమస్కారం పెట్టింది.

కమిటీ వస్తోందట. పిల్ల వచ్చి, తను ఆ గదిలోనే పెరిగానని ఒక్క మాట చెప్పాలట. లేకపోతే చైర్మన్ గారు ఊరుకోరట. కాలేజీ నీకేం తక్కువ చేసిందమ్మా అని అడిగాడు. ఆ మాట నిజంగానే బాధపడి అడిగాడు.

"వస్త సార్," అంది పిల్ల. నేను నోరు తెరవబోయాను. ఆమె నన్ను చూడలేదు. "ఒక్కటి చెప్పుండ్రి, వస్త. గీ డబ్బ ఏం చేస్తది?"

ఆయన నవ్వాడు. చుట్టూ చూశాడు. సంపు వైపు చూశాడు. "ఏంటమ్మా, నాకు తెలీదా? నీళ్లు శుద్ధి చేస్తుంది కదా."

వంటింట్లో బుచ్చమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నేను తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాను. పిల్ల మాత్రం నమస్తే సార్ అని మళ్లీ సంపు మీదికి వంగింది. ఆయన గేటు దాటాక కూడా లేవలేదు. ఏమైందే అని దగ్గరికి వెళ్తే ముఖమంతా తడిగా ఉంది, ముక్కు ఎర్రబడింది. ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆమె అన్నిసార్లు పంజాగుట్ట పోయింది మార్కులకు భయపడి అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. ఎవరో ఒకరు, ఒక్కసారైనా, ఇది ఏం చేస్తుందమ్మా అని అడుగుతారని పోయింది.