నల్లరంగు పూసిన రాగి ముక్క

అవునే చిన్నీ, మీ ల్యాబ్‌లో ఇచ్చినట్టే పేరు చెప్పని లోహం మాకూ ఇచ్చారు. నువ్వు ఫోన్‌లో అడిగేటప్పటికి పొయ్యి మీద చెనిక్కాయలు ఉడుకుతున్నాయి. ఆ ఉప్పు ఆవిరి ముఖానికి తగలగానే ధర్మవరంలో మా పదో తరగతి సైన్సు గది, మా చిన్నాయన కూతురు సుజాత గుర్తొచ్చి, ఇన్నేళ్ళ నాటి ఉక్రోషం మళ్ళీ లేచింది.

మా ఇంటి వెనక కొట్టంలో గంగాళాల నిండా సబ్బు నీళ్ళు మసిలేవి. పచ్చి పట్టు ఉడికే వాసన మా జడలకూ, పండగ పూట తినే ఓళిగలకూ పట్టేది. పట్టు చిలపను, అంటే దారపు కట్టను, కర్రతో పైకెత్తి, చివరి చుక్క కారేదాకా ఆగి, అప్పుడే చన్నీళ్ళలో ముంచాలని అవ్వ నాకూ సుజాతకూ నేర్పింది. తొందరపడితే, "ఏమే, నీకేమన్నా రైలు పోతాందా?" అనేది.

బడిలో సారు నల్లరంగు పూసిన ముక్కలకు దారం కట్టి ఇచ్చాడు. ముక్కను మరిగే నీళ్ళలో కాచి, చన్నీళ్ళ గిన్నెలో వేసి, ఆ నీళ్ళు ఎంత వేడెక్కాయో చూసి, అది ఏ లోహమో లెక్కకట్టి చెప్పాలి. సరిగ్గా చెప్పిన పిల్లను హిందూపురం సైన్సు ప్రదర్శనకు తీసుకుపోతానన్నాడు. లెక్కల్లో నేనే ఫస్టు కాబట్టి ఆ ప్రయాణం నాదే అనుకున్నాను. ముక్కను పైకెత్తి, కిటికీ గాలిలో చివరి చుక్క కారేదాకా పట్టుకుని నిలబడ్డాను. పక్క బల్ల దగ్గర సుజాత తన ముక్కను టక్కున వేసేసింది. నాది గాలికే చల్లారి, గిన్నెలో నీళ్ళు అంతగా వేడెక్కలేదు. లెక్కకడితే వెండి అని వచ్చింది.

"గవర్మెంటు బడిలో ఎండి ఇస్తారామ్మా నీకు?" అన్నాడు సారు.

"జరీ చీరల ఇంటి పిల్ల కదా సార్, ఆయమ్మికి అంతా ఎండే," అంది వెనక బెంచీ పిల్ల.

సుజాత రాగి అని చెప్పింది. సారు రంగు గీకితే ఎర్రగా మెరిసింది. నాదీ రాగేనట.

మా అమ్మ నా నీలం ఓణీనే సుజాతకు కట్టి పంపింది. తిరిగొచ్చాక అది రైల్లో నుంచి చూసిన పెనుకొండ కొండ గురించీ, హిందూపురంలో తిన్న మిరపకాయ బజ్జీల గురించీ ఎన్నాళ్ళు చెప్పిందో. నేను చిలపలు ముంచుతూ, వినబడనట్టు వింటూ ఉండేదాన్ని.

ఇప్పుడా కొట్టం లేదు, గంగాళాలు లేవు, ఆ చోట బండ్లు నిలుపుకుంటున్నారు. సుజాతా పోయింది. అది బతికుండగా, దాని కూతురి పెళ్ళికి కదిరి పోయినప్పుడు కూడా ఇదే మాట అడిగాను. అది నవ్వి, నా ఆకులో ఇంకో ఓళిగ వేసి పోయింది.

"నాకు చెప్పిన అవ్వే కదే నీకూ చెప్పింది. చుక్క కారకముందే ఎయ్యల్లని నీకు ఎవురు చెప్పిరే?"