మూడోసారి ఏమన్నాడో రాయలేదు

మా ఉపదేశి గారు పోయారని, మాచర్ల బస్టాండులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. నేను నమ్మలేదు. "ఎవరు చెప్పారు నీకు?" అన్నాను. "గుడి గంట కొడతన్నారు, వినపట్టంలా?" అంటూ ఫోన్ బయటికి పట్టింది. విన్నాను. అయినా బస్సు దిగి ఊళ్లోకి వచ్చి, ఆయన వాకిలి నిండా చెప్పులు చూసేదాకా అనుమానం పోలేదు. పవిత్ర శుక్రవారానికి, అదే గుడ్ ఫ్రైడేకి, అప్పటికింకా రెండు వారాలుంది.

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఆ మనిషిని నేను ఎనిమిదేళ్లు అనుమానించాను.

రెంటచింతల చుట్టుపక్కల మాలాంటి చిన్న ఊళ్లకు ఫాదర్ గారు ఆదివారం వచ్చి పూజ చేసి వెళ్తారు. మిగతా రోజుల్లో జపాలు చెప్పించేది, పిల్లలకు నేర్పేది ఉపదేశే. మాకు చదవడం కూడా ఆయనే నేర్పారు. పవిత్ర శుక్రవారం నాడు యోహాను రాసిన ప్రభువు శ్రమల చరిత్రను గుడిలో తలా కాస్త పంచుకుని చదువుతాం. ప్రభువు మాటలు ఫాదర్ గారివి. పిలాతుకు ఒకరు, పేతురుకు ఒకరు, వాకిలి దగ్గర పనిపిల్లకు ఒకరు. జనం కేకలు అందరివీ. ఉపదేశి గారు ఎవరి మాటలు వాళ్లకు పాత పెళ్లి కార్డుల వెనక రాసిచ్చి, దానికి ముందు నలభై రోజుల తపస్సు కాలంలో వచ్చే శుక్రవారాల్లో గుడి వసారాలో కూర్చోబెట్టి చదివించేవారు. గడగడా చదివితే ఒప్పుకునేవారు కాదు. "ఎవరితో అంటన్నాడు? ఏడ నిలబడి అంటన్నాడు? అది తెలీకుండా నోరు తెరవమాకండి" అనేవారు.

ప్రభువును పట్టుకెళ్లిన రాత్రి శిష్యుడు పేతురు వెనకే వెళ్లి, అడిగినవాళ్లకు తాను ఆయన మనిషిని కాదని మూడుసార్లు అంటాడు. అప్పుడు చలిగా ఉందనీ, నౌకర్లు బొగ్గుల మంట వేసుకున్నారనీ ఉంటుంది. ఎండకు ఉడికిపోతున్న మాకు ఆ చలి మాట దగ్గర నవ్వొచ్చేది. ఆయన నవ్వనిచ్చి, తర్వాత అడిగేవారు.

"పేతురు ఆ మంట కాడికి ఎందుకు పోయాడు?"

"చలికండీ."

"ఆ మంట ఎవరిది?"

"పట్టుకెళ్లినోళ్లదండీ."

"ఎవరి మంట కాడ చలి కాసుకుంటే వాళ్ల మాటే మాట్లాడాల్సొస్తదిరా" అనేవారు. నా వైపే చూసి అన్నారని నాకనిపించేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం నేను.

తడుముకోవడానికి కారణం ఉంది. ఎనిమిదేళ్ల కిందట కాలవ తూము దగ్గర నీళ్ల వంతు గొడవలో ఒక పెద్ద రైతు మా బాబాయిని పార కర్రతో కొట్టాడు. బాబాయంటే వరసకే, పక్కింటాయన. మోచెయ్యి విరిగింది, మళ్లీ తిన్నగా రాలేదు. నేను కట్ట మీద నిలబడి అంతా చూశాను. ఎస్సై అడిగితే "నేనక్కడ లేనండీ" అన్నాను. నా మిరప తోటకు నీళ్లొచ్చేది ఆ పెద్ద రైతు బోరు నుంచే. సాక్షి లేక కేసు నిలబడలేదు.

ఆ ఏడాది దాకా పేతురు మాటలు ఉపదేశి గారే చదివేవారు. నేను జనంలో కేకలు వేసేవాణ్ణి. ఆ తపస్సు కాలంలోనే పేతురు కార్డు తెచ్చి నా చేతిలో పెట్టారు. దాని మీద రెండుసార్లు "నేను కాదు" అని ఉంది. కింద ఒక ఖాళీ గీత.

"ఇదేందండీ?"

"మూడోసారి ఏమన్నాడో యోహాను రాయలా. కాదన్నాడని చెప్పి ఊరుకున్నాడు."

"మరి గీత ఎందుకు?"

"అది చదివేవోడి జాగా."

కార్డు జేబులో కుక్కుకుని ఇంటిదారి పట్టాను. ఈయనకు ఎవరు చెప్పుంటారు? బాబాయి పసిగట్టాడా? ఆ తర్వాత ఏటా అదే కార్డు. మా అమ్మ పోయినప్పుడు నలభై రోజులూ తప్పకుండా వచ్చి జపం చెప్పారు. మా అమ్మాయికి నత్తి ఉంటే, ఓపిగ్గా కూర్చోబెట్టి గుడిలో పఠనం చదివేదాకా తెచ్చారు. ఇదంతా ఏం రాబట్టడానికా అని చూశానే గానీ ఒక్కసారి మనసారా దండం పెట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఈ ఏడు కార్డు తపస్సు కాలం రెండో వారంలోనే ఇచ్చేశారు. ఇంత తొందరేంటని దానికీ అనుమానించాను. ఆయన ఆగకుండా దగ్గుతున్నారన్నది మాత్రం నాకు పట్టలేదు.

సమాధిలో మట్టి వేసి వస్తుంటే బాబాయి పక్కకు వచ్చాడు.

"ఉపదేశి నెల కిందట మా ఇంటికొచ్చాడురా. నన్ను కొట్టిన రోజు కట్ట మీద సైకిలాపి చూశాడంట. చూసి కూడా నోరు మెదపలేదని చానా ఏడ్చాడు. అందుకే మళ్లీ పేతురు మాటలు చదవలేకపోయాడంట."

"ఇంకేమన్నా చెప్పాడా, బాబాయ్?"

"ఇంకెవరన్నా చూశారా అనడిగా. వాళ్ల సంగతి వాళ్లే చెప్పుకుంటార్లే అన్నాడు."

బాబాయి నా ముఖం చూడకుండా ముందుకు నడిచాడు.

ఎనిమిదేళ్లూ ఆయన నన్ను పొడుస్తున్నారనుకున్నాను. నా వైపు చూసిన మాట నిజమే అయ్యుంటుంది. తోటి దొంగను చూసినట్టు చూశారేమో.

పవిత్ర శుక్రవారం మూడు గంటలకు గుడి కిక్కిరిసింది. "నేను కాదు" అని రెండుసార్లు చదివాను. పేతురు మళ్లీ కాదన్నాడనీ, కోడి కూసిందనీ పక్కనున్నాయన చదువుకుపోయాడు. నేను గీత వంక చూస్తూ నిలబడ్డాను.

పఠనం అయ్యాక, నేనెప్పుడూ కూర్చునే తలుపు మూలకు పోలేదు. బాబాయి చాప దగ్గర వంగి చెవిలో చెప్పాను.

"బాబాయ్, ఆ రోజు కట్ట మీద నేనూ ఉన్నా. నువ్వు రమ్మంటే స్టేషన్‌కొచ్చి చెప్తా. నీళ్లు ఆపితే ఆపనీ."

బాబాయి పీఠం వైపే చూస్తున్నాడు. అలాగే చూస్తూ, బాగున్న చేత్తో ఆ వంకర చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, కొంచెం జరిగాడు. క్షమించాడో, జనం చూస్తున్నారని జరిగాడో నాకిప్పటికీ అనుమానమే. చాప మీద ఖాళీ అయిన ఆ కాస్త చోట్లో నేను కూర్చున్నాను.